సత్రం యజమానురాలు

"ఇంట్లో చేసేది దయ కిందకి రాదమ్మా," అన్నారు మా ఆయన, చదువుతున్న పేపరు దించకుండానే.

ఆ మాట నాతో అన్నది కాదు, నా మనవరాలితో అన్నది. నేను భోజనాల బల్ల దగ్గర కూర్చుని అట్ట నక్షత్రాలు కత్తిరిస్తున్నాను. డిసెంబరు వచ్చిందంటే నా కుడి బొటనవేలి మొదట్లో, కత్తెర ఒరుసుకునే చోట, చర్మం కందిపోయి తర్వాత కాయ కాస్తుంది. పిల్ల అది గమనించింది. అడక్కుండానే మందు తెచ్చి రాసింది. కత్తెర నా చేతిలోంచి తీసుకుని కాసేపు తానే కత్తిరించింది. ఆ తర్వాత తాతయ్య కుర్చీ దగ్గరికి వెళ్ళి, న్యాయంగా తనకి రావలసిన నక్షత్రం అడిగింది.

"అమ్మమ్మకి మందు రాయడం మన పని. మన పని మనం చేసుకుంటే అందులో గొప్పేముంది? దయ అంటే బయటివాళ్ళకి చేసేది."

"మన పని అంటే ఎవరి పని తాతయ్యా? నువ్వు రాయవు కదా?"

అప్పుడు పేపరు కిందికి దిగింది. ఆయన నవ్వి, నా వైపు చూసి, "పిడుగు!" అన్నారు. ఆ పేరు పెట్టింది ఆయనే. దాని తల్లి, అంటే మా అమ్మాయి, ఆస్పత్రిలో నర్సు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ. అందుకని బడి ఉన్న రోజుల్లో పిల్ల మా దగ్గరే ఉంటుంది. తనని ఉయ్యాల నుంచి తోసేసినవాణ్ణి మళ్ళీ వెళ్ళి తోసి వచ్చేది. పెద్దవాళ్ళ మాటల మధ్యలో దూరి, ఎవరూ అడగని ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడేది. "ఎవరి పోలికో!" అనేవారు మా ఆయన. నా పోలిక కావచ్చునన్న ఆలోచన ఈ ఇంట్లో ఎవరికీ రాలేదు. వాళ్ళు నన్ను గమనించేనాటికి ఆ పోలిక చెరిగిపోయి ఉంది.

ఆ రోజు పిడుగుకి నక్షత్రం దక్కలేదు. నా బొటనవేలికి మాత్రం కొంత ఉపశమనం కలిగింది. రెండింటిలో ఏది దయో తేల్చవలసినవారు ఆ గదిలో ఆయనొక్కరే.

మా ఆయన హెడ్మాస్టరు. నేను అదే బడిలో లైబ్రేరియన్ని. క్రిస్మస్ నెలలో పిల్లలకి దయ నేర్పాలన్నది ఆయన ఆలోచన. మంచి ఆలోచన కాదని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. వరండా గోడ మీద నిలువెత్తు ఆకుపచ్చ గుడ్డ చెట్టు ఒకటి వేలాడుతుంది. దాని పేరు దయ చెట్టు. పొద్దున్న ప్రార్థన తర్వాత పిల్లలు ఒక్కొక్కరే ముందుకొచ్చి, తాము చేసిన దయాకార్యం ఏమిటో మైకులో చెప్తారు. హెడ్మాస్టరుగారు ఒక వెండి నక్షత్రం చేతిలో పెడతారు. పిల్లలు దాన్ని చెట్టుకి అతికిస్తారు. సెలవులిచ్చే ముందు ఒకే ఒక్క బంగారు నక్షత్రం ఉంటుంది. తనకి అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని వదులుకున్న పిల్లకో పిల్లవాడికో అది దక్కుతుంది, చెట్టు కొసన నిలుస్తుంది. బయటి బళ్ళవాళ్ళు వచ్చి చూసి వెళ్తారు. ఫోటోలు తీసుకుంటారు. ఆయన ఒకటి రెండు సభల్లో దాని గురించి మాట్లాడారు కూడా. ఆ గుడ్డ కుట్టింది, నక్షత్రాలు కత్తిరించేది, జిగురు కలిపేది, పండగ వెళ్ళాక ఒక్కొక్కటే పీకి గుడ్డ చిరగకుండా మడత పెట్టేది నేను. చెట్టన్నాక దానికి నీళ్ళు పోసేవాళ్ళు ఒకరుండాలి కదా అని ఏ సభలోనూ ఎవరూ అడిగినట్టు లేదు.

మర్నాడు ప్రార్థనలో, నక్షత్రాల పళ్ళెం పట్టుకుని వరండా చివర నిలబడి, నేను మొదటిసారి చెవి పెట్టి విన్నాను. అంతకుముందు ఏళ్ళలో అయిపోతున్న నక్షత్రాల మీదే నా ధ్యాస ఉండేది. ఒక అబ్బాయి తన పాత బంతి పక్కింటి పిల్లలకి ఇచ్చాడు. ఒకడు రోడ్డు దాటే ముసలాయన సంచి మోశాడు. ఇంకొకడు పిట్టలకి గింజలు పోశాడు. తర్వాత ఆడపిల్లల వరుస కదిలింది. ఒక అమ్మాయి ఉయ్యాల దగ్గర తన వంతు తమ్ముడికి వదిలేసింది. ఒక అమ్మాయి బస్సులో కిటికీ పక్క చోటు వదిలేసింది. ఒక అమ్మాయి తనని తోసినవాడి పేరు టీచరుగారికి చెప్పకుండా ఊరుకుంది. ఆ చివరి దానికి అన్నిటికన్నా గట్టిగా చప్పట్లు పడ్డాయి. తోసినవాడు కూడా కొట్టాడు.

మగపిల్లలు ఏదో ఒకటి చేశారు. ఆడపిల్లలు ఏదో ఒకటి మానుకున్నారు. ఇలా పంచుకోండని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసిపోవడం నన్ను ఆ రోజంతా ఒకచోట కూర్చోనివ్వలేదు. లైబ్రరీకి వెళ్ళి, సరిగ్గానే ఉన్న బీరువా ఒకటి ఖాళీ చేసి మళ్ళీ సర్దాను. సర్దినదాన్ని ఇంకో వరుసలో మార్చాను. పుస్తకం తీసుకోవడానికొచ్చిన డ్రిల్లు మాస్టరు, "ఏంటి మేడమ్, ఏమైనా పోయిందా?" అని అడిగాడు. "వెతుకుతున్నాను, ఏం పోయిందో దొరికాక చెప్తాను," అన్నాను. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. హెడ్మాస్టరుగారి భార్య ఏమన్నా నవ్వడం ఆ బడిలో అలవాటు.

పిడుగుకి మాత్రం లెక్క త్వరగానే అర్థమైంది. ఏది చేస్తే నక్షత్రం వస్తుందో, ఏది చేస్తే రాదో పసిగట్టింది. నాకు మందు రాయడం మానేసింది. రంగు పెన్సిళ్ళు ఇచ్చేసింది. టిఫిను డబ్బా పక్కపిల్లకిచ్చి ఆకలితో ఇంటికొచ్చింది. ఆటలో తన వంతు వచ్చినప్పుడల్లా వెనక్కి జరిగింది. ఒకరోజు మోకాలు చీరుకుపోయి వస్తే, "ఎవరు తోశారే?" అని అడిగాను. "చెప్పకూడదు అమ్మమ్మా, చెప్తే పోతుంది," అంది. మా అమ్మాయి డ్యూటీ దిగి వచ్చి, కూతురు నోరెత్తకుండా అన్నం తినడం చూసి, "ఎంత మంచిదైపోయిందమ్మా ఇది! నాన్నకి దండం పెట్టాలి," అంది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశావా, మన పిడుగు ఎలా మెత్తబడిందో!"

చూశాను. ఇంతకుముందు ఒకసారి చూశాను గనుక గుర్తుపట్టాను.

పెళ్ళయిన కొత్తలో, ఎమ్మే అయ్యాక నాకు పరిశోధన సీటు వచ్చింది. వేరే ఊళ్ళో విశ్వవిద్యాలయం. హాస్టల్లో గది కూడా ఇచ్చారు. మూడో అంతస్తు, తూర్పు కిటికీ. నేను వెళ్ళి చూసి కూడా వచ్చాను. అదే వేసవిలో మా మరిదికి మా ఊరి కాలేజీలో ఇంజనీరింగు సీటు వచ్చి, మా ఇంట్లో ఉండి చదువుకోవడానికి వచ్చాడు. మా అత్తగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "చదువెక్కడికి పోతుందే, నీ బుర్రకి ఎప్పుడైనా వస్తుంది. వాడికి ఈ నాలుగేళ్ళూ పోతే పోయినట్టే. వేళకి వండిపెట్టేవాళ్ళు లేకపోతే బిడ్డ నీరసించిపోతాడు," అన్నారు. మా ఆయన, "నీ ఇష్టం. నేనేం బలవంతపెట్టను," అన్నారు. ఆ ఇంట్లో 'నీ ఇష్టం' అన్న మాటకి ఒకే ఒక్క జవాబు ఉండేది. నేను ఆ జవాబే చెప్పాను. ఆ సాయంత్రమే మా అత్తగారు ఇంటికొచ్చిన చుట్టాలందరితో, "మా కోడలు బంగారం," అన్నారు. అప్పుడు నాకు ఒళ్ళు పులకరించిందన్నది నిజం. బంగారం అనిపించుకున్నాక మరొకటిగా ఉండే స్వేచ్ఛ పోతుందని తర్వాత తెలిసింది. మరిది ఇంజనీరయ్యాడు. ఇప్పటికీ వచ్చినప్పుడల్లా, "వదిన చేతి అన్నం తినే పాసయ్యాను," అంటాడు. ఆ మాట నాకు డిగ్రీతో సమానమని అతని ఉద్దేశం.

ఇక నాటకం సంగతి. ఏటా క్రిస్మస్ నాటకం రాసేది నేనే. కరపత్రం మీద 'పాఠశాల సమర్పణ' అని ఉంటుంది. ఈసారి పిడుగుని దృష్టిలో పెట్టుకుని ఒక పాత్ర రాశాను. ఊరు కాని ఊరొచ్చిన నిండుచూలాలికీ ఆమె భర్తకీ సత్రంలో చోటు దొరకదు కదా, ఆ సత్రాన్ని నడిపే ఆడమనిషి పాత్ర అది. మామూలుగా ఆ ఘట్టంలో ఎవరో తలుపు సందులోంచి ఒక మాట అనేసి పోతారు. నేను ఆమెకి ఒక రంగమంతా ఇచ్చాను. పొద్దుటినుంచి చాకిరీ చేసిన మనిషి. నడుం మీద చెయ్యి పెట్టుకుని, "వచ్చే ప్రతివాడూ 'ఈ ఒక్క రాత్రికే' అంటాడు. దుప్పట్లు ఉతికేది ఒక్క రాత్రా నేను? మెట్ల మీద పడుకున్నవాళ్ళని దాటుకుంటూ నా ఇంట్లో నేనే పిల్లిలా నడుస్తున్నాను. చోటు లేదంటే లేదు!" అంటుంది. తలుపు వేసేస్తుంది. వేశాక లోపల కాసేపు నిలబడుతుంది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడకుండా, తనంతట తాను దీపం తీసుకుని వచ్చి వాళ్ళకి పశువులశాల దారి చూపిస్తుంది.

పిడుగు ఆ పాత్రలో పడి పూర్వపు పిడుగైపోయింది. స్నానాలగదిలో, మెట్ల మీద, చెప్పులు వేసుకుంటూ, "చోటు లేదంటే లేదు!" అని అరిచేది. పాలవాడు ఒకరోజు భయపడి, "పాలు వద్దా అమ్మా?" అని అడిగాడు. ఆ కొద్ది రోజులూ నేను స్థిమితంగా నిద్రపోయాను.

ఆ తర్వాతే భోజనాల దగ్గర మా ఆయన గొంతు సవరించుకున్నారు. "కరస్పాండెంటుగారి మనవడికి నాటకంలో సరైన వేషం లేదట. బడి నడిపేది ఆయనే, నోరు విడిచి అడిగారు. సత్రం యజమానురాలు అనేచోట యజమాని అని మారిస్తే సరిపోతుంది. ఆ దుప్పట్లు ఉతికే మాట కొట్టెయ్యి, మగపిల్లాడి నోట బాగోదు." ఆపైన పిడుగు వైపు తిరిగి, గొంతులో తేనె పోసుకుని, "ఏమ్మా, నీకు ఆ వేషమంటే చాలా ఇష్టం కదూ?" అన్నారు.

"చాలా," అంది పిల్ల.

"చాలా ఇష్టమైనది వదులుకుంటే ఏ నక్షత్రం వస్తుంది?"

పిడుగు చెంచా పక్కన పెట్టింది. "బంగారుది."

"నేనేం బలవంతపెట్టను. నీ ఇష్టం," అన్నారాయన.

"సరే తాతయ్యా," అంది నా మనవరాలు.

నేను లేచి, ఎవరూ తినడం పూర్తిచెయ్యని బల్ల మీద నుంచి గిన్నెలు తీసేశాను. తీసినవి మళ్ళీ పెట్టాను. ఏదో అన్నాను కూడా. నాటకం నాది, నన్నడగలేదేమని. "అబ్బ, చిన్నపిల్లల నాటకమేగా! నువ్వు కూడా దాంతో పాటు పంతం పడితే ఎలా?" అన్నారాయన, దయగానే.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం విరామంలో లైబ్రరీలో, బీరువాల వెనకనుంచి మాటలు వినిపించాయి. పిడుగు కరస్పాండెంటుగారి మనవడికి పాఠం చెప్తోంది.

"అలా కాదురా! చెయ్యి నడుం మీద పెట్టుకో. అప్పుడే గొంతు వస్తుంది."

"పెట్టుకున్నా కదే."

"అది పొట్ట."

"నాకిది వద్దే," అన్నాడు వాడు ఏడుపుగొంతుతో. "ఇన్ని మాటలు నాకు రావు. నేను గొర్రెనవుతా. గొర్రెకి మాటలుండవు. మా తాతయ్యే అడిగారు, నేను అడగలా."

"ఇప్పుడు నువ్వు వద్దనకూడదు. నువ్వు వద్దంటే నాది దయ అవ్వదు. మళ్ళీ చెప్పు. చోటు లేదంటే..."

"లేదు," అన్నాడు వాడు, నేలకి చెప్పినట్టు.

నేను బయటికి వచ్చాను. వాడు గంట కొట్టారన్న నెపంతో పారిపోయాడు, గంట ఇంకా కొట్టలేదు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, "నీకు ఇష్టమై ఇచ్చావా?" అని అడిగాను.

"ఇష్టం లేకపోయినా ఇస్తేనే దయట. ఇష్టమైతే అందులో గొప్పేముంది?" అచ్చం తాతయ్య గొంతుతో అంది. తర్వాత తన సొంత గొంతుతో, "నీకు చిన్నప్పుడు బంగారు నక్షత్రం వచ్చిందా అమ్మమ్మా?" అంది.

"వచ్చింది."

"ఏదీ? ఇప్పుడెక్కడుంది?"

ఇన్నేళ్ళ చదువులో ఏ పుస్తకమూ నన్ను అంత సూటిగా నిలదీయలేదు. గంట కొట్టారు. పిల్ల వెళ్ళిపోయింది. నేను ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్ళాను. మా వీధి మలుపు దాటి చాలా దూరం పోయి, వెనక్కి రావలసి వచ్చింది.

ఇంట్లో అడుగు పెట్టేసరికి మా ఆయన ఫోనులో ఉన్నారు. "రండి రండి, పండగంతా ఇక్కడే. చోటుకేం తక్కువరా? మీ వదిన గది ఉందిగా, సర్దేస్తుంది," అంటున్నారు. అవతల మరిది. నా గది అంటే వెనకవైపు గది. అమ్మాయి పెళ్ళయ్యాక నాకు మిగిలినది. ఒక బల్ల, ఒక కుర్చీ, నా పుస్తకాలు, తూర్పు కిటికీ. ఆయన ఫోను పెట్టేసి, "పుస్తకాలు అటకెక్కించేద్దాం, నాలుగు రోజులకేగా. అక్కడ మంచం పడుతుంది," అన్నారు. "ఆఁ, రేపు ప్రార్థనకి కరస్పాండెంటుగారు వస్తున్నారు. బంగారు నక్షత్రం కొంచెం పెద్దది కత్తిరించు."

"ఆ గది ఖాళీ లేదండీ," అన్నాను.

"అదేంటి, ఎవరున్నారందులో?"

"నేనున్నాను."

ఆయనకి నవ్వొచ్చింది. "నువ్వు ఇల్లంతా ఉన్నావు కదే!"

"ఇల్లంతా నా పని ఉంది. నేనున్నది ఆ గదిలో."

నవ్వు ఆగింది. ముప్పై ఏళ్ళు ఎవరి గుమ్మం దగ్గరైనా ఆగి తలుపు తట్టవలసిన అవసరం రాని మనిషి ముఖం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. అందులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. "ఇప్పుడు వాడితో ఏం చెప్పమంటావు? పిల్లలకి దయ నేర్పే ఇంట్లో మాట్లాడే మాటలేనా ఇవి?"

"మీ గది ఇవ్వండి, మీరు హాల్లో పడుకోండి. అది మీది కాబట్టి మీరిస్తే దయ అవుతుంది. మీ తమ్ముడికి నా గదీ, మీ కరస్పాండెంటుగారికి పసిపిల్ల వేషమూ ఇచ్చి మీరు దయ చేశామనుకుంటున్నారు. చేతులు మీవి, వస్తువులు మావి. వద్దని చెప్పే వీలున్నవాళ్ళు ఇచ్చినప్పుడే అది దయ. వీలు లేనివాళ్ళ దగ్గర పుచ్చుకున్నదానికి వేరే పేరుంది, అది మీకు తెలుసు, మీరు పాఠాలు చెప్పేవారు. ఆ నక్షత్రం కూడా మీరే కత్తిరించుకోండి. కత్తెర బల్ల సొరుగులో ఉంది."

ఇంత పొడుగు మాట నేను ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. గొంతు పెంచకుండానే మాట్లాడాను. గొంతు ఎక్కడినుంచి వస్తోందా అని చూసుకుంటే, నా ఎడమచెయ్యి నా నడుం మీద ఉంది.

గుమ్మంలో పిడుగు నిలబడి ఉంది. ఒక కాలికి చెప్పు, ఇంకో చెప్పు చేతిలో. నన్ను ఎప్పుడూ చూడనట్టు చూస్తోంది. నేను దానికి ఇవ్వు అనీ చెప్పలేదు, ఇవ్వకు అనీ చెప్పలేదు. ఇప్పటికే దానికి చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు.

మర్నాడు వరండాలో నేను పళ్ళెం పట్టుకోలేదు. పిల్లల వెనక, గోడకి ఆనుకుని నిలబడ్డాను. ముందు కుర్చీలో కరస్పాండెంటుగారు కూర్చున్నారు. మా ఆయన చేతిలో బంగారు నక్షత్రం వంకరగా ఉంది. ఒక కొన పొడుగు, ఒక కొన మొద్దు, అంచున జిగురు మరక. ఆయన బొటనవేలికి గుడ్డపట్టీ ఉంది. ఆయన పిడుగుని పిలిచారు. మైకు దాని ఎత్తుకి వంచారు.

"నీకు అన్నిటికన్నా ఇష్టమైనది ఎవరికిచ్చావో నువ్వే చెప్పమ్మా."

పిడుగు నక్షత్రాన్ని చూసింది. వరుసలో నిలబడి, ఎవరో కాపాడతారేమోనన్నట్టు ఎదురుచూస్తున్న కరస్పాండెంటుగారి మనవణ్ణి చూసింది. నా వైపు చూడలేదు. చూడవలసిన అవసరం దానికి కలగలేదు. మైకు దగ్గరికి ఒక అడుగు జరిగి, ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుంది.